ఊరు పెరిగింది, కాడు పెరగలేదు

బెంగళూరు తూర్పు అంచున బెళ్ళందూరు, పణతూరు, వర్తూరు, గుంజూరు వైపు ఉన్న పాత ఊళ్ళలో ఎవరైనా పోతే, శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు చాలా ఇళ్ళలో తెలుగులో ఏడుస్తారు. పోయినవాళ్ళ మంచితనం, చేసిన సేద్యం, పెంచిన పిల్లలు, అన్నీ వరసపెట్టి తెలుగులోనే శోకం పెడతారు. ఏడాది తిరిగాక అదే మనిషికి సమాధి రాయి వేయిస్తే మాత్రం దాని మీద అక్షరాలు కన్నడంలో ఉంటాయి. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద కొడుకుల పేర్లు. ఇల్లు తెలుగు, బడి కన్నడం అయిన చోట ఇంకోలా ఎలా ఉంటుంది? ఆ రాళ్ళు చదువుకుంటూ వెళ్ళే కొత్త మనిషికి, కింద పడుకున్నవాళ్ళలో చాలామంది బతికినంత కాలం తెలుగే మాట్లాడారని తెలిసే దారి లేదు.

2011 జనాభా లెక్కల్లో బెంగళూరు నగర జిల్లా జనం సుమారు 96 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు దాదాపు 14 శాతం. నగరంలోనూ దాని చుట్టూ ఉన్న తాలూకాల్లోనూ ఈ తెలుగులో రెండు వేర్వేరు లోకాలున్నాయి. ఒకటి, నగరం కన్నా ముందు నుంచీ ఇక్కడి పల్లెల్లో ఉన్న తెలుగు. దేవనహళ్ళి, హొసకోటె, ఆనేకల్ తాలూకాల్లోని రెడ్లు, మొరసు ఒక్కలిగుల్లో కొందరు, బలిజలు, గొల్లలు, ఇక్కడ భోవి అని పిలిచే వడ్డెర్లు, మాదిగలు. రెండోది ఐటీ వచ్చాక ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన తెలుగు. మొదటివాళ్ళ భూముల మీద రెండోవాళ్ళ అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇద్దరిదీ ఒకే భాష. కానీ ఆ అపార్ట్‌మెంటుకీ పాత ఊరికీ మధ్య మిగిలిపోయిన అర ఎకరం శ్మశానం ఇద్దరికీ ఒకటి కాదు. ఒకరికి అది తాతల చోటు. ఇంకొకరికి బాల్కనీలోంచి కనిపించే చెట్ల గుంపు.

కాడు అంటే తెలుగులో శ్మశానం, కన్నడంలో అడవి. కన్నడంలో శ్మశానాన్ని సుడుగాడు అంటారు, అంటే కాల్చే కాడు. రెండు భాషలూ తెలిసిన ఊళ్ళలో ఈ మాటలు ఒకదానిలోంచి ఒకటి తొంగి చూస్తుంటాయి. నేల కూడా అలాంటిదే. కానుగ చెట్లు, తంగేడు, జిల్లేడు, తుమ్మ, కాలు పెట్టనివ్వని లంటానా పొదలు. చుట్టూ ఉన్న పొలాలన్నీ కాంక్రీటు అయ్యాక పాత కాలపు చెట్టూ చేమా ఎలా ఉండేవో చూడాలంటే ఊరి శ్మశానానికే వెళ్ళాల్సిన పరిస్థితి చాలా చోట్ల ఉంది.

ఈ నేలలో చావుకి చోటు కేటాయించడం కొత్త సంగతేమీ కాదు. హొసకోటె తాలూకా జడిగేనహళ్ళిలో 1957లో జరిపిన తవ్వకాల్లో ఇనుప యుగం నాటి సమాధులు బయటపడ్డాయి. అలాంటివాటినే తెలుగు పల్లెల్లో రాకాసి గుళ్ళు అంటారు. హెబ్బాళలో దొరికిన కిట్టయ్య శాసనం సుమారు క్రీ.శ. 750 నాటిది, పోరులో చనిపోయిన మనిషి గుర్తుగా నిలిపిన వీరగల్లు. 'బెంగళూరు' అన్న పేరు కనిపించే బేగూరు శాసనం సుమారు 890 నాటిది, అది కూడా ఒక యుద్ధంలో పోయినవాళ్ళ సంగతే. నగరం పేరు మొదటిసారి రాతికెక్కింది చావు కబురుతోనే అన్నమాట. ఇక నగరాన్ని కట్టించిన కెంపేగౌడ 1569లో పోతే, ఆయన సమాధి మాగడి తాలూకా కెంపాపుర అనే చిన్న ఊళ్ళో ఉందని లోకానికి తెలిసింది 2015లో. పెద్ద మనిషి సమాధికే ఆ గతి పడితే, ఊరి కాట్లో పేరు లేని మట్టి దిబ్బల సంగతి చెప్పనక్కర్లేదు.

ఊరి శ్మశానాలు ఎక్కువగా సేద్యానికి పనికిరాని చోటే ఉంటాయి. రాతి నేల, గులక నేల, చెరువు కట్ట కింది వాలు, గుండుతోపు అనే ఊరుమ్మడి చెట్ల తోపు పక్కన. మంచి ఎర్రమన్ను నేలని ఎవరూ చావుకి ఇవ్వరు. పైగా నీళ్ళు దగ్గరుండాలి. దహనమైనా ఖననమైనా వెళ్ళినవాళ్ళు స్నానం చేసిగానీ ఇంటికి రాకూడదు కాబట్టి చెరువు ఒడ్డునో బావి పక్కనో చోటు చూసుకునేవాళ్ళు. ఆ చెరువుల్లో చాలావాటికి తర్వాత మురుగునీళ్ళు వచ్చి చేరాయి. బెళ్ళందూరు చెరువు నురగతో పొంగి, మంటలంటుకున్న సంగతి దేశమంతా టీవీల్లో చూసింది. ఆ నీళ్ళలో తలకి పోసుకోవడం ఎలా? అందుకే శ్మశానంలో బోరు, పైన సింటెక్స్ ట్యాంకు, నాలుగు కొళాయిలు వచ్చాయి. పంచాయతీ సభ్యుడి ఎన్నికల వాగ్దానాల్లో ఇదొకటి.

రెవెన్యూ లెక్కల్లో ఈ చోట్లకి ఒక ప్రత్యేకమైన స్థానం ఉంది. కర్ణాటకలో శిస్తు కట్టనక్కర్లేని భూమిని ఖరాబు అంటారు. అందులో 'ఎ' ఖరాబు అంటే సాగుకి పనికిరానిది. 'బి' ఖరాబు అంటే జనం వాడుకలో ఉన్నది: దారి, వాగు, చెరువు, శ్మశానం. 'బి' ఖరాబు ప్రభుత్వానిది, ఎవరూ అమ్ముకోవడానికి లేదు. ఇది కాక, 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 71వ సెక్షన్ కింద డీసీ, అంటే జిల్లా డిప్యూటీ కమిషనర్, ప్రభుత్వ భూమిని శ్మశానం లాంటి ప్రజావసరానికి విడిగా కేటాయించవచ్చు. ఒకసారి కేటాయించాక డీసీ అనుమతి లేకుండా ఇంకో పనికి వాడకూడదు.

కాగితం మీద ఇంత గట్టిగా ఉంటే మరి ఇన్ని శ్మశానాలు ఎలా కుంచించుకుపోయాయి? దీనికి మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది అందరికీ తెలిసిన ఆక్రమణ, ఇక్కడి మాటలో ఒత్తువరి. హద్దురాళ్ళు మాయమవుతాయి, పక్క సర్వే నంబరు కంచె ఏటా రెండడుగులు జరుగుతుంది. రెండోది దారి పోవడం. శ్మశానం పటంలో ఉంటుంది, అక్కడికి వెళ్ళే బండి దారి ఉండదు. తరాలుగా ఎవరో ఒకరి పొలం గట్టు మీదుగా పాడె మోసుకెళ్ళేవాళ్ళు. పొలం ఉన్నంత కాలం ఎవరూ కాదనలేదు. పొలం లేఅవుట్ అయి గేటు పడ్డాక, ఆ గట్టు ఎవరి లెక్కలోనూ లేదని తేలుతుంది. మూడోది అన్నిటికంటే ప్రమాదం, కానీ బయటివాళ్ళకి కనిపించదు. చాలా చోట్ల జనం తాతల నాటి నుంచి వాడుతున్న శ్మశానం పహణిలో, అంటే భూమి రికార్డులో, శ్మశానంగా ఎక్కనే లేదు. గోమాళమనో (పశువుల మేత భూమి), సర్కారీ బీడనో, ఒక్కోసారి ఒక రైతు పేరు మీదనో ఉంటుంది. ఊరందరికీ తెలిసిన సంగతిని రాసుకోవాల్సిన అవసరం ఉందని ఎవరికి తోస్తుంది? ఆ ఊరందరూ చెదిరిపోయాక చెప్పే నోరు ఉండదు, చూపే కాగితమూ ఉండదు. ఇప్పుడు ఫోన్లో దిశాంక్ యాప్ తెరిచి నిలబడిన చోటే సర్వే నంబరు చూసుకోవచ్చు. తమ పెద్దలు పడుకున్న చోటు రికార్డులో గోమాళం అని అప్పుడు తెలుసుకునేవాళ్ళూ ఉంటారు.

2019లో కర్ణాటక హైకోర్టు, శ్మశానం లేని ఊళ్ళన్నిటికీ గడువులోగా చోటు చూపాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. గడువు దాటాక కోర్టు ధిక్కారం కేసు కూడా నడిచింది. ప్రభుత్వ భూమి ఉన్న చోట కేటాయింపులు జరిగాయి. అసలు చిక్కు నగరం చుట్టుపక్కలే. ఇక్కడ ప్రభుత్వ భూమి మిగల్లేదు, ప్రైవేటు భూమి కొనిద్దామంటే ధర ఆకాశంలో ఉంది. ఎకరాల లెక్క పోయి చదరపు అడుగుల లెక్క వచ్చిన చోట శవానికి చోటు కొనడం ఏ పంచాయతీకీ తలకెత్తుకోదగ్గ ఖర్చు కాదు.

ఇంతకీ చిన్న శ్మశానం అన్నేళ్ళు నిండకుండా ఎలా ఉంది? చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక గుంట అంటే 33 అడుగులకి 33 అడుగులు, 1,089 చదరపు అడుగులు. ఇరవై గుంటలంటే అర ఎకరం, 21,780 చదరపు అడుగులు. దారికి, చెట్లకి, కట్టెలు పేర్చే చోటికి, స్నానాల చోటికి సగం పోయినా ఇంకా పదకొండు వేల దాకా మిగులుతుంది. ఒక గొయ్యికి చుట్టూ ఖాళీతో కలిపి ఎనిమిదికి నాలుగు అడుగులు పెట్టుకుంటే దాదాపు 340 గోతులు పడతాయి. పదిహేను వందల మంది ఉన్న ఊళ్ళో ఇప్పటి రేటున, వెయ్యికి ఆరేడు లెక్కన, ఏడాదికి పది చావులు. అందరినీ పూడ్చినా నిండడానికి ముప్ఫై ఏళ్ళు పైగా పడుతుంది. అంతలోపే మొదటి గోతులు మళ్ళీ తవ్వుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. పెట్టె లేకుండా, ఒంటి మీద కొత్త బట్టతో, గోతిలో ఉప్పూ విభూతీ వేసి పూడ్చిన శరీరం మట్టిలో తొందరగానే కలిసిపోతుంది. పైన మట్టి దిబ్బ నాలుగు వానాకాలాలకి నేలతో సమానమవుతుంది. పదేళ్ళకో పన్నెండేళ్ళకో అదే చోట గడ్డపార పడుతుంది. ఎముకలు కనిపిస్తే పక్కన పెట్టి, కొత్త శరీరంతో పాటే మళ్ళీ మట్టి కప్పుతారు. దీన్ని ఎవరూ అపచారం అనుకునేవాళ్ళు కాదు.

అంటే ఆ అర ఎకరం అంతకాలం చాలడానికి కారణం మరుపు. ఎవరి గొయ్యి ఎక్కడో మూడో తరానికి తెలియకపోవడమే ఆ చోటుని నడిపించింది. సిమెంటు వచ్చి దాన్ని ఆపేసింది. భూమి అమ్మగా వచ్చిన డబ్బుతో మొదట ఇల్లు, తర్వాత కారు, ఆ తర్వాత నాన్న సమాధి. సైజు రాళ్ళతో పునాది, పైన టైల్సో గ్రానైటో, మూలల్లో చిన్న స్తంభాలు, స్టీలు కడ్డీలు, కొన్నిటికి పైకప్పు. దేవనహళ్ళి వైపు సాదరహళ్ళి రాయికి కొదవలేదు కాబట్టి రాయి సులువుగానే దొరుకుతుంది. ఒక్కో కట్టడం రెండు మూడు గోతుల చోటు తింటుంది, పైగా ఎప్పటికీ ఖాళీ కాదు. ప్రేమతోనే కట్టారు, సందేహం లేదు. కానీ ఊరి శ్మశానాన్ని చాలా చోట్ల ముందు ఆక్రమించింది బిల్డర్లు కాదు, ఊళ్ళోవాళ్ళ సమాధులే. ఈ మాట ఊళ్ళో పెద్దలే పైకి అంటారు. కానీ తమవాళ్ళ రాయి తీయించమంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

ఇదే లెక్క ఊరు ఇరవై వేల జనాభాకి పెరిగినప్పుడు చూడాలి. ఏడాదికి నూట ఇరవై పైన చావులు. అందులో సగమే ఇక్కడికి వచ్చినా ఏడాదికి అరవై గోతులు. 340 గోతుల చోటు ఆరేళ్ళు కూడా ఆగదు, మట్టికి తన పని చేసుకునే వ్యవధే ఉండదు. 2001లో సుమారు 65 లక్షలున్న జిల్లా పదేళ్ళలో 96 లక్షలకి వెళ్ళింది. ఆ పెరుగుదల చాలావరకు పడింది ఈ అంచు ఊళ్ళ మీదే.

శ్మశానం అని ఏకవచనంలో చెప్పుకున్నాం గానీ, ఒక ఊరికి ఒకటే శ్మశానం ఉండడం అరుదు. ఊరివాళ్ళది ఒకటి, ఏకే (ఆది కర్ణాటక) కాలనీ అని పిలిచే దళితవాడ వాళ్ళది ఒకటి. ముస్లింలుంటే ఖబరస్తాన్, క్రైస్తవులుంటే సమాధుల తోట. లింగాయతులు కూర్చోబెట్టి పూడుస్తారు, వాళ్ళ గొయ్యి కొలత వేరు, పైన లింగం ఉంటుంది. నామాలవాళ్ళ చావుకి దాసయ్య వచ్చి శంఖం ఊది జేగంట కొడతాడు. వడ్డెర్లకి ఒక మూల, గొల్లలకి ఒక మూల. అన్నీ కలిసినట్టుండే చోట కూడా ఏ వరస ఎవరిదో ఊళ్ళో పిల్లాడికి తెలుసు. బతికున్నప్పటి వీధులే అక్కడా. చట్టం కూడా దీన్ని ఒప్పుకుంది. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలులో, నిర్వాసితులకి కట్టే కొత్త ఊళ్ళో ఏమేం ఉండాలో రాస్తూ, అక్కడి కులాల ఆచారాన్ని బట్టి ఖనన భూమో దహన భూమో ఉండాలన్నారు. కులం పోవాలనే దేశంలో కొత్తగా కట్టే ఊరికి కూడా కులాన్ని బట్టే కాడు చూపించాల్సి వచ్చింది.

ఏ శ్మశానం ముందు పోతుందన్నది కూడా కులాన్ని బట్టే ఉంటుంది. ఊరివాళ్ళ శ్మశానానికి గోడ, ఆర్చి, 'హిందూ రుద్రభూమి' అన్న బోర్డు, సిమెంటు బెంచీలు వస్తాయి. కాలనీవాళ్ళది చెరువు లోపలి అంచునో, పటంలో లేని బీడులోనో ఉంటుంది. వానాకాలం నీళ్ళు నిండితే గొయ్యి తవ్వడానికి వీలుండదు. దారి తగువుల్లో ఎక్కువ నలిగేదీ వాళ్ళే, ఎందుకంటే ఆ దారి వేరేవాళ్ళ పొలంలోంచి వెళ్తుంది.

గొయ్యి తవ్వే పని కూడా వాళ్ళకే పుట్టుకతో అంటగట్టిన పని. తోటి, తళారి, నీరగంటి అనేవి ఒకప్పుడు ఊరి వంశపారంపర్య కొలువులు. చావు కబురు మోయడం, గొయ్యి తవ్వడం, కట్టెలు పేర్చడం తోటి పని. బదులుగా ఇనాం భూమి, కళ్ళంలో గింజలు. 1961లో చేసిన గ్రామ కొలువుల రద్దు చట్టం 1963లో అమల్లోకి వచ్చి ఆ కొలువుల్ని తీసేసింది. ఇనాం భూమిని వాళ్ళ పేరునే మళ్ళీ మంజూరు చేసింది. కొలువు పోయింది, పని మాత్రం చాలాకాలం వాళ్ళ మీదే ఉండిపోయింది. ఇప్పుడు వాళ్ళ పిల్లలు డెలివరీ బళ్ళ మీదో కంపెనీల హౌస్‌కీపింగులోనో ఉన్నారు. గొయ్యి తవ్వడానికి జేసీబీ వస్తుంది. పది నిమిషాల్లో పని అవుతుంది, కానీ జేసీబీ బొచ్చె మనిషి గడ్డపారలా పక్క గొయ్యిని తప్పించుకుంటూ తవ్వదు. అది తిరగడానికి చోటు కావాలి, చెట్టు కొమ్మలు కొట్టాలి, పాత దిబ్బల మీద చక్రాలు ఎక్కాలి. తోటి చేతికి తెలిసిన పటం ఏ సర్వే ఆఫీసులోనూ లేదు. కింద ఎవరున్నారో, ఎన్నేళ్ళయిందో, ఎక్కడ బండ అడ్డొస్తుందో అతనికే తెలుసు. ఆ పనికి గౌరవం ఇవ్వనివాళ్ళకి ఆ తెలివి పోయిందన్న సంగతి కూడా ఆలస్యంగానే తెలిసింది.

భూమి ఉన్న కుటుంబాలు చాలావరకు ఊరి శ్మశానానికి వెళ్ళవు. సొంత తోటలోనే, కొబ్బరి చెట్ల కింద, బావి గట్టు మీద పూడ్చుకుంటాయి. తాత, అవ్వ, చిన్న వయసులో పోయిన పెద్దనాన్న, అందరూ అక్కడే. మహాలయ అమావాస్య నాడు కొత్త బట్టలు, వండినవన్నీ ఆకులో పెట్టి ఎడ, అంటే పెద్దలకి నైవేద్యం, వేస్తారు. పొలానికీ మనిషికీ ఉన్న ఈ ముడి కాగితాల్లో ఎక్కడా ఉండదు. పొలం అమ్మేటప్పుడు బయటికొస్తుంది. కొనేవాడు రాళ్ళు తీసేయమంటాడు. కొన్ని కుటుంబాలు రెండు గుంటలు విడిచిపెట్టి మిగతాది రాసిస్తాయి. ఆ రెండు గుంటలు తర్వాత విల్లాల నడుమ, గేటు లోపల చిక్కుకుంటాయి, తాత సమాధి చూడాలంటే సెక్యూరిటీ దగ్గర పేరు రాయాలి. కొందరు పిడికెడు మట్టి తీసుకెళ్ళి మిగిలిన భూమిలో కలుపుకుంటారు. కొందరు ఏమీ అనరు.

భూసేకరణలో నష్టపరిహారం లెక్కకట్టేటప్పుడు ఇల్లు, బావి, చెట్టు, పైరు లెక్కలోకి వస్తాయి. మామిడి చెట్టుకి ధర ఉంది. అవ్వ సమాధికి గడి లేదు. దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్న హోబళిలో (తాలూకాలో కొన్ని ఊళ్ళ విభాగం) 1,777 ఎకరాల సేకరణని మూడేళ్ళకి పైగా సాగిన రైతుల పోరాటం తర్వాత 2025 జూలైలో ప్రభుత్వం విరమించుకుంది. అలాంటి పోరాటాల్ని బయట జనం ధర గురించిన బేరంగానే చూస్తారు. పోయినవాళ్ళంతా పొలంలోనే ఉన్న ఇంటికి ఆ బేరంలో రాయలేని ఒక వరస ఉంటుందన్నది తట్టదు.

నగరం ఊరిని అధికారికంగా మింగింది 2007లో. పాత మహానగర పాలికెకి, అంటే నగర కార్పొరేషన్‌కి, ఏడు నగరసభలు, కెంగేరి పురసభ, 110 పల్లెలు కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె (బీబీఎంపీ) చేశారు. 2025లో దాని స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, ఐదు పాలికెలు వచ్చాయి. పల్లె శ్మశానానికి ఇందులో లాభమూ ఉంది. గోడ, లైట్లు, వాచ్‌మన్, రిజిస్టరు. పణతూరు, కూడ్లు లాంటి చోట్ల విద్యుత్ దహనశాలలు వచ్చాయి. ఊరి పంచాయతీ కింద ఉన్నవాటికి ఉపాధి హామీ పథకంలో శ్మశానం పనులు చేసుకునే వీలు కలిగింది, కొన్ని ఊళ్ళు గోడ అలాగే కట్టుకున్నాయి. కానీ దహనశాల నగరానిది, ఊరిది కాదు. ఎవరైనా రావచ్చు, స్లాటు తీసుకోవాలి, ఆధార్ చూపాలి, గంటన్నరలో అస్థికలు. 2021 ఏప్రిల్, మే కోవిడ్ నెలల్లో ఆ వరసలే ఎలా తెగిపోయాయో ఈ నగరం మరిచిపోలేదు. తావరెకెరె, గిడ్డేనహళ్ళి దగ్గర బయలులోనే చితులు పేర్చాల్సి వచ్చింది. సొంత పొలంలో అంత్యక్రియలు చేసుకోవచ్చని అప్పుడు ప్రభుత్వమే అనుమతిచ్చింది. పల్లెలు తరాలుగా చేస్తున్న పనికి నగరం ఆపత్కాలంలో జీవో ఇచ్చిందన్నమాట.

కొత్త తెలుగువాళ్ళ సంగతికొస్తే, వాళ్ళలో డబ్బున్నవాళ్ళు ఇక్కడ పోయినా ఇక్కడ పడుకోరు. ఫ్రీజర్ బాక్సు, ఆంబులెన్సు, రాత్రికి రాత్రి ప్రయాణం. అనంతపురం నాలుగు గంటలు, హైదరాబాద్ పది గంటలు. ఇరవై ఏళ్ళు ఈఎంఐ కట్టిన ఫ్లాటు ఉన్న చోటుని చావు దగ్గరకొచ్చేసరికి ఊరు అనరు. కాబట్టి బాల్కనీ కింది శ్మశానంతో వాళ్ళకున్న సంబంధం పొగ, పలక మోత, టపాసులు, రోడ్డంతా రాలిన బంతిపూలు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఫిర్యాదులు వీటి మీదే. వాస్తు భయం ఉన్నవాళ్ళు ఆ వైపు ఫ్లాటు కొనరు, కొన్నవాళ్ళు ధర తగ్గించి అడుగుతారు, ఆ వైపు కిటికీ తెరవరు. లేఅవుట్ బ్రోషర్లో క్లబ్‌హౌస్ ఉంటుంది, జాగింగ్ ట్రాక్ ఉంటుంది. వెయ్యి ఇళ్ళు కడుతున్నాం, ఏడాదికి ఇన్ని చావులుంటాయి కదా అన్న లెక్క ఏ పేజీలోనూ ఉండదు.

అదే అపార్ట్‌మెంటుని కట్టిన కూలీల్లోనూ తెలుగువాళ్ళున్నారు. రాయలసీమ నుంచి, పాలమూరు నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు. వాళ్ళకి ఆంబులెన్సు బాడుగే నెలల కూలి. మేస్త్రీ, కాంట్రాక్టరు తలా కొంత వేస్తే సొంతూరికి, లేకపోతే దగ్గరున్న శ్మశానానికి. అక్కడ 'మీది ఈ ఊరు కాదు కదా' అన్న మాట ఎదురవుతుంది. అనేవాళ్ళని తప్పుపట్టడం తేలికే. ముప్ఫై గోతుల చోటు మిగిలిన ఊరి భయం కూడా నిజమే. ఇలాంటి చోట మాట కలిపేది చాలాసార్లు భాషే. పాత ఊరి తెలుగువాడు కొత్త కూలి తెలుగు విని, 'యా ఊరప్పా మీది' అని అడిగి, ఒక మూల చూపిస్తాడు. రిజిస్టర్లో ఎక్కని ఇలాంటి గోతులు ఈ అంచు ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు.

కాపాడడం అంటే గోడ కట్టడం అని అధికారులూ స్వచ్ఛంద సంఘాలూ అనుకుంటాయి. గోడ ఆక్రమణని ఆపుతుంది, నిజమే. కానీ గోడ కట్టి తాళం వేశాక మేకలు రావు, గడ్డి పెరుగుతుంది, కట్టెలకొచ్చే ముసలమ్మ రాదు, దారి తప్పిన పిల్లాడు రాడు. లోపల ఎవరూ తిరగని చోట రాత్రిళ్ళు చెత్త ట్రాక్టరు ఖాళీ అవుతుంది. నిలిచిన శ్మశానాలు చూస్తే ఎక్కువగా ఇంకా వాడుకలో ఉన్నవే. ఏటా పది పదిహేను కుటుంబాలు మూడో రోజు పాలు పోయడానికో, తిథికో, అమావాస్యకో వస్తున్నవి. ఆ కుటుంబాలు భూమి అమ్మి హొసకోటె అవతలకో మాలూరుకో వెళ్ళిపోతే, ఆర్చీ గోడా ఉన్నా ఆ చోటు అనాథే. లేఅవుట్ దానికి ఇరుగుపొరుగుని ఇచ్చింది గానీ ఊరిని ఇవ్వలేదు. అందుకే హద్దురాళ్ళ కొలత ఎంత ముఖ్యమో, ఎవరివాళ్ళు ఎక్కడున్నారో ఒక నోటుపుస్తకంలో రాయించడం అంత ముఖ్యం. తహశీల్దారు ముందు నిలబడినప్పుడు 'ఇది శ్మశానం' అనడం కన్నా 'ఇక్కడ మా వాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఇవీ పేర్లు' అనడానికి బరువెక్కువ.

తెలుగువాళ్ళ అంతిమయాత్రలో దింపుడు కళ్ళం అని ఒక చోటుంటుంది. ఇంటికీ కాటికీ నడుమ పాడె కిందికి దించి, చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా దాక్కుని ఉంటే లేస్తారేమోనని చివరి ఆశ. పాత ఊళ్ళలో ఆ చోటు ఫలానా చింతచెట్టు కింద, ఫలానా కట్ట మలుపు దగ్గర అని అందరికీ గుర్తు. చెట్టు పోయి, కట్ట సర్వీసు రోడ్డయినా చోటు మారదు. ఇప్పుడు శవం వ్యానులో వస్తుంది. అక్కడికి రాగానే డ్రైవరుకి చెప్పి ఆపిస్తారు. వెనక ఆఫీసు క్యాబులు, వాటర్ ట్యాంకర్లు, స్కూలు బస్సులు హారన్లు కొడుతుంటాయి. దించే వీలుండదు కాబట్టి వెనక తలుపు తీసి, పెద్దకొడుకు లోపలికి వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, 'నాయినా' అని మూడుసార్లు తెలుగులో పిలిచి, తలుపు వేస్తాడు.